డోపింగ్ నివారణ పరిశోధన: తొమ్మిది అంశాల్లో ముందు దేన్ని చేపట్టాలో తేల్చడం ఎలా?

జూనియర్ అథ్లెట్లలో డోపింగ్ నివారణపై ఏ అంశాన్ని ముందుగా పరిశోధించాలో తేల్చే పనిలో ఉన్నాను. 2023లో మన దేశంలో పరీక్షించిన 5,606 నమూనాల్లో 3.8 శాతం పాజిటివ్‌గా తేలాయి. దొరికాక శిక్షించడం ఒక్కటే చాలదని నా గట్టి నమ్మకం.

తొమ్మిది అంశాలతో ప్రశ్నావళి ఇచ్చాను: కల్తీ సప్లిమెంట్లు, కోచ్‌ల ఒత్తిడి, డాక్టర్ చీటీ లేకుండానే దొరికే స్టెరాయిడ్లు, క్రీడా కోటా ఉద్యోగం కోసం పతకాల ఆరాటం వంటివి. 1 నుంచి 5 వరకు మార్కులు వేయమంటే దాదాపు అన్నింటికీ 4, 5 పడ్డాయి. డెల్ఫీ పద్ధతిలో (అభిప్రాయాలను విడతలుగా సేకరించే పద్ధతి) సగటులు చూపించి మళ్లీ అడిగితే అందరూ ఆ సగటు వైపే జరిగారు. ప్రాధాన్య క్రమంలో రాయమంటే మొదటి మూడే ఆలోచించి రాశారు. మిగతావి కాగితంలో ఉన్న వరుసలోనే దింపేశారు. అంశాలను తారుమారు చేసి ఇచ్చినా అంతే.

సమాధానమిచ్చేది నలభై మంది. ఎక్కువ మంది కోచ్‌లు, ఫిజియోలు. వారు పరీక్షలు పెంచాలంటున్నారు. 15–18 ఏళ్ల అథ్లెట్లేమో సప్లిమెంట్ల గురించే అడుగుతున్నారు. వారి మాట సగటులో మునిగిపోవడం నాకు అస్సలు సమ్మతం కాదు.

వంద పాయింట్లు పంచమనడమా, రెండేసి అంశాలను పోల్చమనడమా (36 జతలవుతాయి): ఇంత చిన్న బృందంలో అసలైన ప్రాధాన్యాలు బయటపడాలంటే ఏది మేలు?