అప్‌డేట్: వ్యాన్‌లో కూలెంట్ ఎటు పోతోందో దొరికింది

మా డీజిల్ వ్యాన్‌లో వారానికి దాదాపు లీటరు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోందని, కింద చుక్క కూడా కనబడడం లేదని అడిగాను కదా. రేడియేటర్ క్యాప్, థర్మోస్టాట్, వాటర్ పంపు మార్పించినా అరకు ఘాట్ ఎక్కేసరికి మళ్లీ వేడెక్కేది. చివరికి వేరే మెకానిక్ చల్లటి ఇంజిన్‌కు ప్రెషర్ టెస్టర్ బిగించాడు. కాసేపటికే ప్రెషర్ ముల్లు దిగిపోయింది, అంటే ఎక్కడో లీకుంది, కానీ బయటంతా పొడిగానే ఉంది. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కి, బ్లాక్‌కి మధ్య ఉండే సీలు) పోయిందేమోనని ఒకటే టెన్షన్. కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ కలుస్తోందేమో చూసే గ్యాస్ టెస్ట్ చేస్తే నీలం ద్రవం రంగు మారలేదు, అంటే గాస్కెట్ అనుమానం తగ్గింది. అప్పుడు ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) పైపు విప్పాడు. పొడిగా ఉండాల్సిన మసి వేలికి తడిగా, జిగురుగా అంటుకుంది! కూలర్ లోపల చిల్లు పడి కూలెంట్ ఇంజిన్‌లోకి పోయి ఆవిరవుతోంది. పొద్దున్నే వచ్చే తెల్లపొగ అదే. కూలర్ మార్చి మూడు వారాలైంది, కూలెంట్ గీత దగ్గరే ఉంది. పొగ రంగు చూడమన్నవాళ్లకు చాలా థాంక్సండీ.