18వ శతాబ్దపు సైనిక వైద్యం: పెద్దల ప్రాపకం మేలు చేసిందా, చెరిచిందా?

పాతపుటలు:
ఆ కాలపు బ్రిటిష్ సేనల్లో డాక్టరుకు మంచి పదవి దక్కాలంటే చదువొక్కటే చాలదు, ఏ ప్రభువో సేనానో సిఫారసు చేయాలి. రెజిమెంటు సర్జన్ పదవుల్ని డబ్బిచ్చి కొనుక్కోవడమూ ఉండేది. దీనివల్ల సిపాయికి నష్టమే జరిగిందని నా వాదన.

కృష్ణాతీరం:
నేను ఒప్పుకోను. జాన్ ప్రింగిల్ ఎడిన్‌బరోలో నీతిశాస్త్రం బోధిస్తూ వైద్యం చేసుకునేవాడు. 1742లో బ్రిటిష్ సేనాని స్టెయిర్ ప్రభువు ఆయన్ని సైన్యంలోకి తీసుకున్నాడు. మరుసటి ఏడు ఫ్రెంచివాళ్లతో డెటింగెన్ యుద్ధం. ఆసుపత్రుల జోలికి ఎవరూ పోకూడదని స్టెయిర్, ఫ్రెంచి సేనాని నోయాయ్ మాట ఇచ్చిపుచ్చుకున్నారు. ఆ సలహా ప్రింగిల్‌దేనంటారు. అంతకుముందు శత్రువుకు భయపడి రోగుల్ని శిబిరానికి ఎంతో దూరం మోసుకెళ్లేవారు, చాలామంది దారిలోనే పోయేవారు. సేనాని దగ్గర చనువు లేని డాక్టరు ఇలాంటి మాట ఎవరి చెవిన వేయగలడు?

పాతపుటలు:
మరి నౌకాదళ సర్జన్ జేమ్స్ లిండ్ సంగతి? 1747లో సాల్స్‌బరీ ఓడ మీద చిగుళ్లు కుళ్లి, మోకాళ్లలో సత్తువ పోయిన 12 మంది స్కర్వీ (తాజా పళ్లు, కూరలు అందక వచ్చే జబ్బు) రోగుల్ని జంటలుగా విడదీశాడు. ఒక జంటకు వెనిగర్, ఒక జంటకు సముద్రపు నీళ్లు, ఇంకో జంటకు రోజూ రెండేసి నారింజలు, ఒక్కో నిమ్మకాయ. ఆరు రోజులకే పళ్లు నిండుకున్నాయి, అప్పటికే వాళ్లలో ఒకడు పనిలోకి దిగేలా ఉన్నాడు. 1753లో పుస్తకమూ వేశాడు. నౌకాదళం నిమ్మరసానికి ఒప్పుకున్నది 1795లో! ఈలోపు పోయిన ప్రాణాలకు ఎవరిది పూచీ?

వానచినుకు:
ఆలస్యమంతా ప్రాపకం మీదికే నెట్టకండి. నిల్వ ఉండాలని రసాన్ని వేడిమీద చిక్కబరచమని లిండే చెప్పాడు. ఆ వేడికి మందు గుణం చాలావరకు పోయేది.

కృష్ణాతీరం:
బాగా చెప్పారు. 1795 ఆదేశం వెనకున్న గిల్బర్ట్ బ్లేన్ ఎవరు? అడ్మిరల్ రోడ్నీ సొంత డాక్టరు. 1780లో ఆయన వెంట వెస్టిండీస్ వెళ్లి నౌకాదళ వైద్యుడయ్యాడు. అక్కడ ఏటా ఏడుగురిలో ఒకరు పోతుంటే, శుభ్రతతో, పళ్లతో దాన్ని ఇరవై మందిలో ఒకరికి దించాడు. 1794లో సఫోక్ ఓడ నిమ్మరసం తాగిస్తూ 23 వారాలు ఎక్కడా ఆగకుండా మన మద్రాసు చేరింది. కొందరికి స్కర్వీ తగిలినా, రసం మోతాదు పెంచితే తగ్గిపోయింది.

పాతపుటలు:
నా బాధ కూడా అదేనండీ. బ్లేన్ గొప్ప పని చేశాడు, కాదనను. కానీ నారింజ, నిమ్మ పనిచేస్తాయని 1753లోనే లిండ్ పుస్తకంలో అచ్చయి ఉంది. అడ్మిరల్ పక్కన కూర్చునే మనిషి చెప్పేదాకా ఆ పుస్తకాన్ని పట్టించుకోని పద్ధతిని మీరు మంచిదంటున్నారు.

కృష్ణాతీరం:
మంచిదనలేదు. ఆనాడు పైదాకా వెళ్లే దారి అదొక్కటే అంటున్నాను. ఇంకో దారిన వెళ్లి గెలిచిన సైనిక వైద్యుడు ఒక్కడుంటే చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.