రీసెర్చ్ ఎథిక్స్‌కి విడిగా క్లాసు కావాలా, ల్యాబ్‌లో నేర్పితే సరిపోదా?

గిండీ, పీహెచ్‌డీ మొదటి ఏడాది:
పీహెచ్‌డీలో చేరినవాళ్లందరికీ రీసెర్చ్ ఎథిక్స్ మీద రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019 చివర్లో తప్పనిసరి చేసింది. 30 గంటలు. మా క్లాసులో సగం టైమ్ సిమిలారిటీ శాతాల మీదే పోతోంది, అంటే థీసిస్‌లో ఎంత భాగం ఇతరుల రాతతో కలుస్తోందని సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క: 10 లోపు ఫర్వాలేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. నిజాయితీ గైడ్ దగ్గర పనిచేస్తూ అబ్బాలి గానీ, క్లాసులో కూర్చుంటే వస్తుందా?

అన్నా నగర్, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్:
గైడ్ మంచివారైతే మీ మాట నిజమే. కాకపోతే ఆ విద్యార్థికి ఆ 30 గంటలే దిక్కు. అందుకే క్లాసు తీసేయమంటే ఒప్పుకోను. నా బాధ వేరు. పీహెచ్‌డీ దాకా ఆగడమే తప్పు.

బీటెక్ మొదటి ఏడాది, లోలకం ఊపి గురుత్వ త్వరణం (g) కనుక్కునే ప్రయోగం గుర్తుందా? జవాబు 9.8 రావాలని అందరికీ ముందే తెలుసు. 10.8 వస్తే మార్కులు పోతాయని టెన్షన్. సీనియర్ రికార్డు తెచ్చుకుని, జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు వేస్తారు. చదువుకునే రోజుల్లో నేనూ వేశాను. సంతకం పెట్టిన మాస్టారికీ తెలుసు. డేటా వండడం 18 ఏళ్లకే అలవాటు చేసి, 25 ఏళ్లకు వద్దని క్లాసు పెడితే ఎలా వింటారు?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే భౌతిక శాస్త్రవేత్త డేటా వండిన మోసం 2002లో బయటపడింది. వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే నాయిస్ (ప్రతిసారీ వేరుగా ఉండాల్సిన చిన్న చిన్న ఒడిదుడుకులు) ఉందని గమనించింది తోటి శాస్త్రవేత్తలు, సాఫ్ట్‌వేర్ కాదు. విచారణ కమిటీ అసలు డేటా అడిగితే అతని దగ్గర ల్యాబ్ నోట్‌బుక్కులే లేవు. శాతాలకన్నా ముందు నేర్పాల్సింది ఆ నోట్‌బుక్కు రాయడం.

మొన్న మా ల్యాబ్‌లో ఒక బ్యాచ్‌కి నిజంగానే 10.8 వచ్చింది. కొట్టేయవద్దన్నాను. వెతికితే, గుండు వదిలిన క్షణాన్నే ‘ఒకటి’ అని లెక్కపెట్టారు. 20 డోలనాలనుకున్నవి 19 మాత్రమే! కారణం కనుక్కున్నందుకు పూర్తి మార్కులు వేశాను. ఆ పిల్లల ముఖాలు చూడాల్సింది.

బెంగళూరు, బయోటెక్ ఉద్యోగి:
మేడమ్, 60 మందికి ఒక్కరే లెక్చరర్ ఉంటే, ప్రతి రీడింగూ ఎవరు చూస్తారు? పైగా ఎక్స్‌టర్నల్ వచ్చి 9.8 ఉందా లేదా అనే చూస్తారు.

అన్నా నగర్, లెక్చరర్:
ఎక్స్‌టర్నల్ రోజు నేనేమీ చేయలేనండీ. ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి, అక్కడే మొదలుపెట్టాను. అందరివీ చూడను, వారానికి ఐదు రికార్డులు తీసుకుని కొట్టివేతలు లేనివాటి గురించి అడుగుతాను.

గిండీ, పీహెచ్‌డీ:
మేడమ్, వచ్చే సెమిస్టర్‌లో బీటెక్ ల్యాబ్‌కి నేను టీఏని (టీచింగ్ అసిస్టెంట్). మార్కులు ఎలా విడగొడతారో కాస్త వివరంగా రాయగలరా?