మానవ హక్కుల ఎల్ఎల్ఎం కోసం పొలం తాకట్టు పెట్టొచ్చా?

కావలి లాయరమ్మ:
నెల్లూరు కోర్టులో మూడేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీలో మానవ హక్కుల చట్టంపై ఏడాది అడ్వాన్స్‌డ్ ఎల్ఎల్ఎంకి (లాలో పీజీకి) సీటొచ్చింది. రెండెకరాల మాగాణి తాకట్టు పెడతానని నాన్న అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. వెళ్లాలా, వద్దా?

చీమకుర్తి అన్న:
వద్దమ్మా. కోర్టులో వాదించడానికి ఎల్ఎల్‌బీ చాలు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం తీసి చూడు. మానవ హక్కుల కోర్టులో ప్రత్యేక పీపీగా, అంటే ప్రభుత్వం తరఫున వాదించే లాయరుగా, వేసే అడ్వకేట్‌కి సెక్షన్ 31 అడిగేది ఏడేళ్ల ప్రాక్టీసు, పెద్ద డిగ్రీ కాదు. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టు తీర్పులు ఎన్ని చదివినా మా గ్రానైట్ క్వారీ కూలీ ఆ కోర్టు గడప తొక్కలేడు. ఐక్యరాజ్యసమితి దగ్గరా అంతే. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో మనం 1979లో చేరాం గానీ, మనిషి నేరుగా ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో చేరలేదు.

ఒంగోలు టీచర్:
అన్నా, విశాఖ కేసు మర్చిపోతే ఎలా? పనిచోట లైంగిక వేధింపులపై మనకు చట్టమే లేని రోజుల్లో, 1997లో, సుప్రీంకోర్టు మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆధారం చేసుకుని మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చింది 2013లో. మధ్యలో పదహారేళ్లు ఆడవాళ్లకు అవే దిక్కు. బయటి చదువు మనకు పనికిరాదనకండి.

పెన్నా ఒడ్డు:
చెల్లీ, ఒక మాట చెప్తాను. ఇక్కడ ఒక ఇటుక బట్టీలో యానాది కుటుంబం ఉండేది. పదివేలు అడ్వాన్సు తీసుకున్నారు. యజమాని నోటుబుక్కు నేను చేత్తో పట్టుకుని చూశాను. బియ్యం, బిడ్డకు జ్వరం సూది, చివరికి టార్చిలైటు బ్యాటరీలు కూడా రాసి ఉన్నాయి. కూలి మాత్రం ఏ పేజీలోనూ లేదు. సర్కారు ఆఫీసుకు తీసుకెళ్తే 'అప్పు తీర్చి పొమ్మనండి' అన్నారు. నేను నోరు మూసుకుని వచ్చేశాను. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం ఆ అప్పే చెల్లదు. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే. సెక్షన్ 15. ఆ రోజు నాకది తెలియదు.

అందుకే చదవమంటాను. కానీ పొలం పెట్టి కాదు. మన దేశంలోనూ 2013 నుంచి ఏడాది ఎల్ఎల్ఎం ఉంది. లైడెనే కావాలంటే సీటు వచ్చే ఏడాదికి మార్చమని అడుగు, ఈలోగా స్కాలర్‌షిప్‌లకు పెట్టుకో. అప్పు నెత్తిన ఉన్న లాయరు ఫీజు ఇచ్చుకోలేని మనిషి కేసు పట్టుకోలేడు.

కావలి లాయరమ్మ:
సీటు వాయిదా వేయమని ఇప్పుడే మెయిల్ పెట్టాను. సోమవారం బ్యాంకుకు వెళ్లొద్దని నాన్నకు చెప్పాను. అన్నా, ఆ కుటుంబం ఏమైంది?

పెన్నా ఒడ్డు:
రాత్రికి రాత్రి బట్టీ వదిలి వెళ్లిపోయారమ్మా. వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులిచ్చే విడుదల పత్రం రాలేదు. పత్రం లేదు కాబట్టి పునరావాసం డబ్బూ రాలేదు.