ప్రజావాణి దరఖాస్తులు ఫోన్‌లోనే రాసుకొస్తున్నారు, నా డీటీపీ షాపు ఉంచాలా తీసేయాలా?

హన్మకొండ డీటీపీ:

అందరికీ నమస్తే. హన్మకొండలో కలెక్టరేట్‌కు నడిచిపోయేంత దూరంలో నాకు చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. 2003లో పెట్టాను. అప్పుడు దరఖాస్తు పైన ‘వరంగల్ జిల్లా’ అని కొట్టేవాడిని. 2016లో ‘వరంగల్ అర్బన్’ అయింది, 2021లో ‘హన్మకొండ జిల్లా’ అయింది. షాపు మాత్రం అదే గదిలో ఉంది.

మాకు సోమవారమే పండుగ. ప్రజావాణి రోజు, అంటే కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే రోజు కాబట్టి పొద్దున ఎనిమిదింటికే జనం వచ్చి కూర్చునేవారు. రెండేళ్ల కింద సోమవారం నలభై దాకా దరఖాస్తులు కొట్టేవాడిని. ఇప్పుడు నా నోట్‌బుక్ చూస్తే పన్నెండు, పద్నాలుగు. మిగతావాళ్లంతా ఫోన్‌లో ఏఐతో రాయించుకుని వస్తున్నారు. ‘అన్నా, ప్రింట్ ఒక్కటే’ అంటారు. పేజీ టైప్ చేస్తే 60 రూపాయలు, ప్రింట్ తీస్తే 10. లెక్క మీరే చూసుకోండి.

పెళ్లి కార్డుల పని అంతకుముందే వాట్సాప్ వీడియోలకు పోయింది. డిగ్రీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కూడా పోయాయి. అవి పోయినందుకు నాకు బాధ లేదు, ఏటా అదే రిపోర్టు పేరు మార్చి కొట్టిన పాపం నాది కూడా.

మొన్న సోమవారం సంగతి ఒకటి చెప్తాను. ధర్మసాగర్ వైపు ఊరి నుంచి ఒక ముసలావిడ మనవడితో వచ్చింది. పిల్లవాడు ఇంటర్ ఉంటాడేమో. ఫోన్‌లో దరఖాస్తు సిద్ధంగా ఉంది, ప్రింట్ ఇచ్చేముందు అలవాటుగా చదివాను. భాష నాకంటే బాగుందని ఒప్పుకోవాలి. మేము ఇరవై ఏళ్లుగా కొడుతున్న ‘దివ్య సముఖమునకు’ లాంటివి లేవు, ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ పైన ‘వరంగల్ అర్బన్ జిల్లా కలెక్టర్ గారికి’ అని ఉంది. లోపల పహాణీ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే రికార్డు) అనాల్సిన చోట ‘అడంగల్’ అని ఉంది. అది ఆంధ్ర మాట, మన దగ్గర అడంగల్ అని ఎవరంటారు? సరే, ఇవి చిన్నవి.

భూమి దగ్గర ‘2 ఎకరాల 10 సెంట్లు’ అని ఉంది. ‘ఎంత భూమి అవ్వా?’ అని అడిగితే ‘రెండెకరాల పది గుంటలు బిడ్డా’ అంది. పిల్లవాడు పాత కాగితం చూసి ఫోన్‌లో 2.10 అని కొట్టాడట. దాన్ని అది సెంట్లు చేసుకుంది. పది గుంటలంటే 25 సెంట్లు. పది సెంట్లంటే నాలుగు గుంటలే. అంటే ఆమె చేతులతోనే ఆరు గుంటలు, 726 గజాలు, తక్కువ రాసి సంతకం పెట్టబోతోంది. సంతకం కూడా కాదు, వేలిముద్ర.

ఇంకోటి. దరఖాస్తులో సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి కొనుగోలు) గురించి అంతా వివరంగా ఉంది కానీ, ఇప్పుడు సాగులో ఎవరున్నారో లేదు. నేను అడిగితే అప్పుడు చెప్పింది, పక్క పట్టాదారు పోయిన ఎండాకాలమే కడీలు పాతి తీగ చుట్టాడని. అసలు గొడవే అది! మనవడికి ఆ సంగతి తెలియదు, అతనికి తెలియంది ఫోన్‌కు ఎలా తెలుస్తుంది.

అరగంట కూర్చుని మొత్తం మార్చి రాశాను. పిల్లవాడు 10 రూపాయలు ఇచ్చాడు. ‘ప్రింటే కదన్నా’ అన్నాడు. నాకు నోరు రాలేదు.

నా వయసు 47. కూతురు ‘డాడీ, ఇది తీసేసి మొబైల్ కవర్లు, చార్జర్లు పెట్టు’ అంటోంది. షాపు అడ్వాన్సు ఇంకా ఏడాది ఉంది. ఈ ఏఐ నేర్చుకుంటే నాకేమైనా ఉపయోగం ఉంటుందా? ఇంకో డౌటు. ఇరవై ఏళ్ల దరఖాస్తులు, డాక్యుమెంట్ల నమూనాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లలో ఉన్నాయి. కాపీ చేసి ఏఐలో వేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. అవి ఇక పనికిరావా?

కాజీపేట పోరడు:

అన్నా, ముందు మీ చివరి డౌటు. అను ఫాంట్‌లో మీకు కనబడేది తెలుగే కానీ లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకు తెలుగు బొమ్మలు అతికించినట్టు. ఫాంట్ తీసేస్తే ఆ పిచ్చి గీతలే మిగులుతాయి. అను నుంచి యూనికోడ్‌కు, అంటే ఫోన్లకు, ఏఐకి అర్థమయ్యే తెలుగు కోడ్‌కు, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కొన్ని వత్తులు తప్పు పడతాయి, చేత్తో సరిచేసుకోవాలి. కానీ మార్చి పెట్టుకోండి. ఇరవై ఏళ్ల నమూనాలంటే మామూలు విషయం కాదు, ఏ రకం భూమి గొడవకు ఏం రాయాలో అందులో ఉంటుంది.

ఇక ఏఐ సంగతి. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబర్ చివరలో. మీ షాపు దాకా రావడానికి అంతకాలం పట్టిందంటేనే ఆశ్చర్యం. అది రాసేటప్పుడు ముందున్న మాటల వెనక ఏ ముక్క వస్తే కుదురుతుందో లెక్కగట్టి ఒక్కోటి పేర్చుకుంటూ పోతుంది. ఆ భూమి ఎవరిదో, ఎంతో దానికి అక్కర్లేదు. 2.10 కనబడింది, పాయింట్ తర్వాత ఉన్నది సెంట్లని అల్లేసింది. తెలియనిది అడగడం కంటే అల్లడమే దానికి సులువు. పైగా అది చదువుకున్న రాతలో ఇంగ్లిష్ ముందు తెలుగు చాలా తక్కువ, అందులో మన తెలంగాణ రెవెన్యూ మాటలు ఇంకెంత ఉంటాయి!

మీరు వాడేటప్పుడు మొదటే చెప్పండి: ‘ఇది తెలంగాణ, హన్మకొండ జిల్లా, భూమి ఎకరాలు గుంటల్లో, నేను చెప్పని వివరం ఏదీ కలపొద్దు, కావాలంటే నన్నడుగు.’ తప్పులు సగానికి సగం తగ్గుతాయి. మీరు మాట్లాడుతుంటే టైప్ చేసే వాయిస్ టైపింగ్ కూడా అలవాటు చేసుకోండి. ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు మాత్రం అందులో పెట్టొద్దు, అవి ప్రింట్‌కు ముందు మీరే చేత్తో కొట్టండి.

నిజం చెప్పాలంటే టైపింగ్ పని తిరిగి రాదన్నా. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఈ ఏడు మా టీమ్‌లోకి కొత్త పిల్లల్ని ఒక్కరిని కూడా తీసుకోలేదు. నేను వారం రాసే టెస్టు కేసులు అది మధ్యాహ్నంలోపు రాస్తోంది, నేను కూర్చుని దిద్దుతున్నాను. దిద్దడానికి ఎంతమంది కావాలో మేనేజర్ లెక్క వేస్తున్నాడు. కాబట్టి మీకు ధైర్యం చెప్పే స్థితిలో నేనేం లేను.

ఫ్లెక్స్ బాబాయ్, పరకాల:

నేను కూడా బాధితుడినే కానీ నవ్వొచ్చే సంగతి చెప్తా. పోయిన బతుకమ్మకు ఒక లీడర్ మనిషి ఫోన్‌లో బొమ్మ తయారు చేయించి తెచ్చాడు. గులాబీలు, లిల్లీలు, మూడంతస్తుల కేకులాగా ఉంది. తంగేడు లేదు, గునుగు లేదు. పక్కన ‘సద్దుల బతుకమ్మ శుభాకాంక్షలు’లో ‘ద్దు’ ఉండాల్సిన చోట ఏ భాషో తెలియని గీత. నేను చెప్పినా వినలేదు, ‘బాగనే ఉందిలే, కొట్టు’ అన్నాడు. పన్నెండడుగుల ఫ్లెక్స్ కొట్టాను. ఊళ్లో ఆడవాళ్లు నవ్వితే రాత్రికి రాత్రి దింపి మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. రెండు ఫ్లెక్సుల డబ్బులు వచ్చాయి. ఇట్లాంటివాళ్లు ఉన్నన్ని రోజులు మనకేం కాదు తమ్మీ.

కాకపోతే ఈ మధ్య అక్షరాలు కూడా సక్కగనే వస్తున్నాయి. అదే భయం.

మిర్చి గుమాస్తా:

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. మా దగ్గర ఇంకో రకం. రైతులు బస్తాలు దింపకముందే ఫోన్‌లో ‘తేజ మిర్చి రేటు వచ్చే నెల ఎంతుంటది’ అని అడుగుతున్నారు. అది కూడా తడుముకోకుండా చెప్తోంది! పొద్దున జెండా పాట (రోజు మొదటి వేలం) ఎంత పలుకుతుందో ముప్పై ఏళ్లు మార్కెట్లో ఉన్న సేట్లే చెప్పలేరు. నాకు తెలిసిన ఒక రైతు పెరుగుతుందన్న మాట నమ్మి నలభై బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ధర దిగింది, స్టోరేజీ కిరాయి, వడ్డీ మీద పడ్డాయి. అడిగితే ‘అది అంత ఖచ్చితంగ చెప్పింది కదా’ అంటాడు. అది తప్పైనా ఒప్పైనా ఒకే గొంతుతో చెప్తుంది. మనిషైతే చెప్పేటప్పుడు కొంచెం నీళ్లు నములుతాడు, అప్పుడే మనకు తెలిసిపోతుంది.

అట్లని అంతా దండగ అననుగాక అనను. పక్కన ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ అని ప్రభుత్వం మిర్చి రైతులతో ఏఐ సలహాల పథకం నడిపింది. భూసార పరీక్ష, పంటకు ఎప్పుడేం చేయాలన్న మెసేజీలు, కాయ నాణ్యత మిషన్‌తో చూడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మా దగ్గర కాయను గుప్పిట్లో పట్టి, విరిచి, రంగు చూసి తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతో చెప్తారు. ఆ చూసేది కొనేవాడి మనిషే. మిషన్ చూస్తే రైతుకే మంచిదని నేను అనుకుంటాను. మా సేటు ముందు మాత్రం అనను.

డీటీపీ అన్నా, మీ అవ్వ కథలో నాకు నచ్చనిది ఒక్కటే. అరగంట పనికి 10 రూపాయలు ఎందుకు తీసుకున్నారు? అడ్తిదారు కమీషన్ వదులుకుంటాడా?

అంగన్‌వాడీ టీచర్, హుజూరాబాద్:

అన్నా, షాపు తీసేయకండి, మీలాంటివాళ్లతో మాకు పని పడబోతోంది.

2025 జూలై నుంచి ఇంటికిచ్చే సరుకులకు తల్లి ముఖం ఫోన్‌లో స్కాన్ అయితేనే ఇచ్చినట్టు లెక్క. మా సెంటర్‌లో ఒకామె వేములవాడ పోయి తలనీలాలు ఇచ్చి వచ్చింది. బాలామృతం, గుడ్ల కోసం వస్తే యాప్ ఆమెను గుర్తుపట్టలేదు. ఆధార్ ఫొటో పదిహేనేళ్లప్పుడు దిగింది, రెండు జడలతో ఉంది. ఇప్పుడు గుండు, పైగా కాన్పు తర్వాత ముఖం ఉబ్బి ఉంది. ఆరుసార్లు తీశాం. చివరికి బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయి, కొంగు తల మీద కప్పించి తీస్తే అప్పుడు పచ్చ గుర్తు వచ్చింది. చంకలో పిల్ల ఏడుస్తూనే ఉంది. ఆమె మా గల్లీనే, నేను రోజూ చూస్తాను. కానీ ‘ఈమె ఈమెనే’ అని నేను చెప్తే చెల్లదు.

మాకు ఈసారి చెట్టు కింద దొరికింది. దొరకని రోజు ఏం చేయాలి? ఎవరికి రాయాలి, ఏమని రాయాలి? రేషన్ కార్డుల సంగతి గుర్తుందా? మన రాష్ట్రంలో దాదాపు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కలు చూసి తీసేస్తే, ఇల్లిల్లూ తిరిగి మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అది కూడా ఒకరు కోర్టు దాకా పోయారు కాబట్టి. మిషన్ కాదన్నప్పుడు, అదే మిషన్‌తో దరఖాస్తు రాయించుకుంటే ఏం రాస్తుందో చూడాలని నాకు కూడా ఉంది.

హన్మకొండ డీటీపీ:

అందరికీ థాంక్స్. గుమాస్తా అన్నా, తిట్టినా మంచికే తిట్టారు. టీచరమ్మా, ఆ వేపచెట్టు సంగతి మా ఇంట్లో చదివి వినిపించాను, మా ఆవిడ నవ్వి, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

కాజీపేట తమ్ముడు చెప్పినట్టు కన్వర్టర్‌తో 2009 ఫోల్డర్ మార్చాను. ‘క్ష’లన్నీ చెడిపోయాయి, దరఖాస్తుల్లో ‘క్ష’ ఎన్నిసార్లు వస్తుందో ఇప్పుడే తెలిసింది. క్షేత్రం, సాక్షి, పరీక్ష, క్షమించి. వారం రోజులు రాత్రి కూర్చుని దిద్దాను.

షాపు బయట ఒక బోర్డు పెట్టాను: ‘ఫోన్‌లో రాసిన దరఖాస్తు చదివి సరిచేయబడును. 30 రూపాయలు.’ ఈ సోమవారం ప్రింట్‌కు ఇరవై ఇద్దరు వచ్చారు. ఐదుగురు చదివించుకున్నారు. ఒకాయన ‘కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా’ అని గట్టిగానే అడిగి ప్రింట్ తీసుకుపోయాడు. ఆయన దరఖాస్తులో సర్వే నంబర్ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. చెప్దామనుకునేలోపు బండెక్కాడు. ఐదు ముప్పైలు నూటయాభై. దీంతో కిరాయి వెళ్లదు, అందుకని చార్జర్లు కూడా పెట్టాను. కూతురి మాట పక్కన పెట్టలేదు.

ధర్మసాగర్ అవ్వ మళ్లీ వచ్చింది, ఈసారి మనవడు లేడు. కొంగులోంచి రసీదు తీసి ‘దీన్ల ఏమున్నదో చూడు బిడ్డా’ అంది. నంబర్ కొట్టి చూశాను. పెండింగ్ అని ఉంది. ‘అంటే?’ అంది. చెప్పాను. స్టూలు మీద కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, నా చేతిలో ఇరవై రూపాయల నోటు పెట్టి వెళ్లింది. ‘ఆనాడు పోరడు తక్వ ఇచ్చిండట కదా’ అంది.