రిపోర్టు పైన ‘లెఫ్ట్ హార్ట్ క్యాత్’ అని ఉంది, 93458 వేశాను, డినయల్ వచ్చింది

కొత్త కోడర్:
అందరికీ నమస్కారం. నేను మెడికల్ కోడర్‌ని, అంటే డాక్టర్ రిపోర్టు చదివి బిల్లుకి కోడ్‌లు వేసేదాన్ని. నన్ను రేడియాలజీ నుంచి కార్డియాలజీకి మార్చి మూడు వారాలైంది. ఒక డినయల్ (బిల్లు తిరస్కరణ) దగ్గర ఇరుక్కుపోయాను. మేం చేసేది డాక్టర్ వైపు బిల్లింగ్. మెడికేర్ పార్ట్ బీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమాలో డాక్టర్ ఫీజుల్లాంటివి ఇచ్చే భాగం) పేషెంట్, ప్రొసీజర్ హాస్పిటల్ ఔట్‌పేషెంట్‌లో జరిగింది. రిపోర్టు హెడ్డింగులో ‘లెఫ్ట్ హార్ట్ క్యాథెటరైజేషన్, కొరొనరీ యాంజియోగ్రామ్, మిడ్ ఎల్‌ఏడీకి స్టెంట్’ అని స్పష్టంగానే ఉంది (ఎల్‌ఏడీ అంటే గుండె ముందువైపు ధమని). నేను వేసింది: 92928-26-ఎల్‌డీ (స్టెంట్), 93458-26 (ఎడమ గుండె క్యాథెటరైజేషన్‌తో యాంజియో), 99152, 99153 (సెడేషన్, అంటే మత్తు). 26 అంటే డాక్టర్ పని భాగం మాత్రమే, ఎల్‌డీ అంటే ఎల్‌ఏడీ. డయాగ్నసిస్‌లు ఐ25.10 (యాంజైనా లేని కొరొనరీ వ్యాధి), ఆర్07.9 (ఛాతీ నొప్పి). 93458 బండిల్డ్, అంటే స్టెంట్ కోడ్‌లోనే కలిసిపోయిందని కొట్టేశారు. 92928 లైను కూడా మాడిఫైయర్ (కోడ్ వెనక తగిలించే గుర్తు) తప్పని వెనక్కి వచ్చింది. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావడం లేదు.

రాత్రి షిఫ్ట్:
93458కి 59 మాడిఫైయర్ (‘ఇది వేరే సేవ’ అనే గుర్తు) తగిలించి పంపేయండి. మా దగ్గర అలాగే పాసవుతున్నాయి.

ఆడిట్ అక్క:
పాసవడం వేరు, నిలబడటం వేరు తమ్ముడూ. రేపు రికార్డులు అడిగితే ఆ 59 ఎందుకు పెట్టామో చెప్పుకోవాల్సింది మనమే.
అమ్మా, 59 సంగతి తర్వాత చూద్దాం. ముందు రిపోర్టు బాడీలో ఏం రాశారో పెట్టండి. పేరు, తేదీలు, నంబర్లు తీసేసి.

కొత్త కోడర్:
ఇదిగో అక్కా. కుడి రేడియల్ యాక్సెస్, 6 ఫ్రెంచ్ షీత్. జేఎల్ 3.5 క్యాథెటర్‌తో లెఫ్ట్ మెయిన్, జేఆర్ 4తో రైట్ కొరొనరీ (ఆర్‌సీఏ) ఎంగేజ్ చేసి చాలా వ్యూలలో ఇంజెక్షన్లు ఇచ్చారు. లెఫ్ట్ మెయిన్ నార్మల్, మిడ్ ఎల్‌ఏడీ 90 శాతం, సర్కంఫ్లెక్స్‌లోనూ ఆర్‌సీఏలోనూ కొద్దిపాటి వ్యాధి. అయోర్టిక్ ప్రెషర్ 142/78. ‘ఈఎఫ్ 55 శాతం, ఎకో ప్రకారం’ (ఈఎఫ్ అంటే గుండె ఒక్కో కొట్టుకి రక్తం పంపే శాతం). తర్వాత గైడ్, వైరు, బెలూన్, ఒక డ్రగ్ ఎల్యూటింగ్ స్టెంట్.

ఆడిట్ అక్క:
చూశారా, ఇందులో ఎల్‌వీ (ఎడమ జఠరిక) అన్న మాటే లేదు. హెడ్డింగు సగం సార్లు టెంప్లేట్‌లోంచి వచ్చి పడుతుంది, దాన్ని చూసి కోడ్ వేయకండి. రిపోర్టు చదివేటప్పుడు క్యాథెటర్ వెంట మీరూ నడవండి. మణికట్టు దగ్గర లోపలికి వెళ్లింది, అయోర్టా దాకా వచ్చింది, కొరొనరీల మొదట్లో ఆగింది, రంగు ఎక్కించారు. అక్కడితో ఆగిపోతే అది 93454, కొరొనరీ యాంజియోగ్రఫీ మాత్రమే.

93458 కావాలంటే క్యాథెటర్ గుండె ఎడమ వైపు గదిలోకి వెళ్లాలి. మామూలుగా అయోర్టిక్ వాల్వు దాటి ఎల్‌వీలోకి వెళ్తుంది. రిపోర్టులో దాని ఆనవాలు ఉంటుంది: ‘పిగ్‌టెయిల్‌తో వాల్వు దాటాం’, ‘ఎల్‌వీ ప్రెషర్ ఇంత’, ‘ఎల్‌వీఈడీపీ 18’, ‘పుల్‌బ్యాక్‌లో గ్రేడియెంట్ లేదు’ లాంటివి. వెంట్రిక్యులోగ్రామ్ (ఎల్‌వీలో రంగు ఎక్కించి తీసే బొమ్మ) చేయకపోయినా ఫర్వాలేదు, ఆ కోడ్ వివరణలోనే ‘చేసినట్లయితే’ అని ఉంది. ఎడమ వైపు గదిలోకి వెళ్లడం మాత్రం తప్పనిసరి. మీ రిపోర్టులో ఉన్న 142/78 అయోర్టా ప్రెషర్, ఈఎఫ్ ఎకోది. రెండూ దీనికి పనికిరావు.

అయినా వెంటనే 93454కి దిగిపోకండి. క్యాత్ ల్యాబ్ హీమోడైనమిక్ లాగ్ (ప్రెషర్ల రికార్డు) తెప్పించుకోండి. అందులో ఎల్‌వీ ట్రేసింగు ఉండి డాక్టర్ రాయడం మర్చిపోయి ఉంటే ఆయనకి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపాలి. ‘వాల్వు దాటారని రాయండి’ అనకూడదు. ‘క్యాథెటర్‌ను ఎక్కడెక్కడ ఉంచారో, ఏ ప్రెషర్లు కొలిచారో దయచేసి స్పష్టం చేయగలరు’ అనాలి. ఆయన అడెండమ్ (రిపోర్టుకి అదనపు నోట్) రాస్తే 93458. లేకపోతే లేదు.

డినయల్స్ డెస్క్:
అక్క చెప్పింది నిజం. కానీ 93454 అయినా స్టెంట్‌తో బండిల్ అవుతుంది, కాబట్టి 59 ప్రశ్న పోలేదు. ఇండికేషన్ పేరాలో, అంటే ప్రొసీజర్ ఎందుకు చేశారో చెప్పే చోట, పాత యాంజియో ప్రస్తావన ఏమైనా ఉందా?

కొత్త కోడర్:
ఉందండీ! ‘మూడు వారాల క్రితం మరో చోట యాంజియో, ఎల్‌ఏడీ 60 శాతం, మందులతో చూశారు. ఆ ఫిల్ములు పరిశీలించాను. గత రెండు రోజులుగా విశ్రాంతిలో కూడా నొప్పి, అన్‌స్టేబుల్ యాంజైనా. పరిస్థితి మారినందున పూర్తి యాంజియో మళ్లీ చేస్తున్నాం.’ ఇది చరిత్రే కదా అని పట్టించుకోలేదు.

డినయల్స్ డెస్క్:
మీ క్లెయిము నిలబడేది ఆ ఒక్క పేరా మీదే. స్టెంట్ వేసిన రోజునే చేసిన డయాగ్నస్టిక్ యాంజియోకి వేరుగా డబ్బు అడగాలంటే, చేతిలో పాత క్యాథెటర్ యాంజియో ఉండకూడదు, ఇవాళ పూర్తి స్టడీ జరగాలి, దాన్ని చూశాకే స్టెంట్ నిర్ణయం తీసుకోవాలి. పాతది ఉంటే ఎందుకు మళ్లీ చేశారో డాక్టరే రాయాలి: పేషెంట్ పరిస్థితి మారిందనో, పాత ఫిల్ములో సరిగ్గా కనపడలేదనో, ప్రొసీజర్ మధ్యలో కొత్త సమస్య వచ్చిందనో. మీ డాక్టర్ రాశారు, మీ అదృష్టం. మూడు వారాల కిందటి యాంజియో చూసి స్టెంట్ కోసమే పిలిపించి, దారి కోసం నాలుగు షాట్లు తీసి ఉంటే అది స్టెంట్‌లో భాగమే, 59 పెట్టడం తప్పు.
కాబట్టి 93454-26-59. 59 బదులు ఎక్స్‌యూ మాడిఫైయర్ కూడా వేయొచ్చు, మెడికేర్ 2015 నుంచి తీసుకుంటోంది.

ఆడిట్ అక్క:
మిగతావి గబగబా. 92928 మీద 26 తీసేయండి. దానికి ప్రొఫెషనల్, టెక్నికల్ అనే విభజనే లేదు, అందుకే వెనక్కి వచ్చింది. ఎల్‌డీ, ఎల్‌సీ, ఆర్‌సీ, ఎల్‌ఎం, ఆర్‌ఐ ఇవన్నీ ఏ ధమనో చెప్పే గుర్తులు, స్టెంట్ లైనుకే, డయాగ్నస్టిక్ లైనుకి పెట్టకండి. ఆర్07.9 తీసేయండి, కారణం తేలాక లక్షణాన్ని కోడ్ చేయం. ఐ25.10 కూడా తప్పే. డాక్టర్ అన్‌స్టేబుల్ యాంజైనా అన్నారు కాబట్టి ఐ25.110. కొరొనరీ వ్యాధికీ యాంజైనాకీ సంబంధం ఉందని ప్రత్యేకంగా రాయనక్కర్లేదు. వేరే కారణమని డాక్టర్ రాస్తే తప్ప ఐసీడీ (డయాగ్నసిస్ కోడ్‌ల పద్ధతి) ఆ సంబంధాన్ని ఉన్నట్టే తీసుకుంటుంది.

రాత్రి షిఫ్ట్:
అక్కా, సందట్లో నాదొకటి. బైపాస్ అయిన పేషెంట్లకి 93454 నుంచి 93461 దాకా ఏది ఏదో ఎప్పుడూ తికమకే.

ఆడిట్ అక్క:
బేసి సంఖ్యలన్నీ గ్రాఫ్ట్ (బైపాస్‌లో వేసిన నాళం) ఉన్నవి. చివరి రెండంకెలు చూడు. 54 కొరొనరీ, 55 దానికి గ్రాఫ్ట్. 56 కుడి గుండెతో, 57 దానికి గ్రాఫ్ట్. 58 ఎడమ గుండెతో, 59 గ్రాఫ్ట్‌తో. 60 రెండు వైపులా, 61 గ్రాఫ్ట్‌తో. నేను పరీక్షకి చదివినప్పుడు ఇది ఎవరూ చెప్పలేదు, మొత్తం బట్టీ పట్టాను. ఒక్కటి చూసుకో: పేషెంట్‌కి బైపాస్ అయిందని చరిత్రలో ఉంటే చాలదు, ఇవాళ గ్రాఫ్ట్‌లోకి రంగు ఎక్కించి ఉండాలి.

కొత్త కోడర్:
సెడేషన్ మిగిలింది అక్కా. నర్సు షీటులో మందు ఇచ్చింది 9:12, డాక్టర్ పక్కనుంచి వెళ్లింది 9:47.

ఆడిట్ అక్క:
35 నిమిషాలు. 10 నిమిషాల లోపైతే ఏదీ వేయం, 10 నుంచి 22 వరకు 99152 ఒక్కటే, 23 నుంచి 37 వరకు 99152తో పాటు ఒక 99153. లెక్క వరకు మీరు వేసింది సరే. కానీ 99153లో డాక్టర్ పని విలువ లేదు, హాస్పిటల్లో చేసినప్పుడు మెడికేర్ డాక్టర్‌కి దాని డబ్బు ఇవ్వదు. తీసేయండి. పేషెంట్‌ని గమనిస్తూ ఉండటానికి వేరే శిక్షణ పొందిన మనిషి ఉన్నట్టు రిపోర్టులో రాశారో లేదో మాత్రం చూడండి. 2017కి ముందు సెడేషన్ క్యాత్ కోడ్‌లోనే కలిసి ఉండేది, పాత నోట్సు చూసి గందరగోళపడకండి.

డినయల్స్ డెస్క్:
పంపే దారి కూడా చూసుకోండి. ప్రైవేటు పేయర్లకు పంపినట్టు ఫ్రీక్వెన్సీ 7తో కరెక్టెడ్ క్లెయిమ్ పెడితే పార్ట్ బీ తీసుకోదు. అంకెల తప్పు లాంటిదైతే రీఓపెనింగ్. రికార్డులు జతచేసి వాదించాలంటే రీడిటర్మినేషన్ (మొదటి అప్పీలు), నోటీసు అందిన 120 రోజుల్లోపు.

కొత్త కోడర్:
లాగ్ ఇప్పుడే వచ్చింది. 9:15 నుంచి చివరిదాకా అన్నీ ఏఓ (అయోర్టా) ట్రేసింగులే, ఎల్‌వీ ఒక్కటి కూడా లేదు. అంటే క్వెరీ అవసరం లేదు. 92928-ఎల్‌డీ, 93454-26-59, 99152, అన్నిటికీ ఐ25.110. ఆ ఇండికేషన్ పేరా ఉన్న పేజీ జతచేస్తున్నాను.

ఆడిట్ అక్క:
సరిగ్గా ఉంది. ఇదే డాక్టర్‌వి ఈ మూడు వారాల్లో ఇంకెన్ని 93458లు వెళ్లాయో ఒకసారి బయటికి తీయండి. హెడ్డింగు టెంప్లేట్‌ది అయితే ఇది ఒక్కటే అయి ఉండదు.

కొత్త కోడర్:
పదకొండు ఉన్నాయి అక్కా. ఇప్పుడే మొదటిది తెరిచాను.