పెద్ద ఈ-ఇంక్ టాబ్లెట్‌లో స్వర పుస్తకాలు చదివేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

హనుమకొండ_బిడ్డ:
అందరికీ నమస్తే. మాది హనుమకొండ, నక్కలగుట్ట. మా బాపు ఇంట్లోనే వీణ నేర్పిస్తారు. గీతాలు, వర్ణాలు, కృతులు అన్నీ జిరాక్సు కాగితాలే, ఫైళ్లకు ఫైళ్లు, కొన్నేమో ఆయన చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు మామూలు టాబ్లెట్‌లో వేసి ఇచ్చాను గానీ కాసేపు చూడగానే కళ్లు మండుతున్నాయంటారు. పైగా కింద చాప మీద కూర్చుని వాయించేటప్పుడు టాబ్లెట్‌ను ముందర ఏటవాలుగా పెడితే పైనున్న ట్యూబ్‌లైటు అద్దంలో పడి సగం పేజీ కనబడదు. అందుకే ఈ-ఇంక్ టాబ్లెట్, అంటే అచ్చు కాగితంలా కనిపించే తెర ఉన్నది చూస్తున్నా. 10.3 అంగుళాలది సరిపోతుందా, 13.3 తీసుకోవాలా? రెండింటికీ ధరలో చాలా తేడా ఉంది. రంగులది మంచిదా, నలుపు తెలుపా? పేజీ తిప్పడానికి కాలి పెడల్ ఉంటుందట, మఠం వేసుకుని కూర్చునేవాళ్లకు అది కుదురుతుందా? వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్, ఒక్కసారి కొంటే మళ్లీ మార్చే పరిస్థితి లేదు.

కాజీపేట_కీబోర్డు:
నేను చర్చిలో కీబోర్డు వాయిస్తా, కాబట్టి నాది స్టాఫ్ నొటేషన్ సంగతి, అంటే అయిదు గీతల మీద గుర్తులతో రాసే పాశ్చాత్య పద్ధతి. 13.3 వాడుతున్నా, నాకైతే దానికి తక్కువ పనికిరాదు. లెక్క చూడండి, ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు, 13.3 తెర సుమారు 203 × 270, అంటే అంచుల్లో తెల్లజాగా కత్తిరిస్తే పాట అచ్చులో ఉన్న సైజులోనే కనిపిస్తుంది. 10.3 తెర ఏ5 కంటే కాస్త వెడల్పు, అంతే. నాలుగు గొంతుల కోరస్ పేజీని అందులోకి కుదిస్తే అడుగు దూరం నుంచి ఏమీ అందదు.

కొనేముందు పేజీ తిరిగే వేగం చూసుకోండి. ఈ-ఇంక్‌లో నల్ల రేణువులు, తెల్ల రేణువులు కరెంటు చార్జీతో పైకీ కిందికీ కదులుతాయి, అందుకే పేజీ మారేటప్పుడు తెర ఒకసారి నల్లగా మెరిసి కొత్త పేజీ వస్తుంది, దాదాపు అర సెకను అనుకోండి. మెట్రోనోమ్ 120 మీద, అంటే నిమిషానికి 120 బీట్లతో పోయే పాటలో అర సెకనంటే ఒక బీటు మొత్తం పోయినట్టే. వేగం మోడ్ పెడితే మెరుపు పోతుంది గానీ పాత పేజీ నీడ మిగులుతుంది. దీనికి మందు సగం పేజీ తిప్పుడు: మొబైల్‌షీట్స్ యాప్‌లో ఉంది, కింది సగం వాయిస్తుండగా పై సగంలో తర్వాతి పేజీ వచ్చి కూర్చుంటుంది. ఈ యాప్ కావాలంటే ఆండ్రాయిడ్ ఉన్నదే తీసుకోవాలి, బూక్స్ కంపెనీది లాంటిది. మిగతా ఈ-ఇంక్ టాబ్లెట్‌లు చూస్తే, కిండిల్ స్క్రైబ్‌లో బ్లూటూత్ ఉన్నది ఆడియో వినడానికే, పెడల్‌కు పనికిరాదు. రీమార్కబుల్ 2లో తెరకు లైటే లేదు.

కరీంనగర్_వయొలిన్:
అక్కా, పైన అన్న చెప్పింది స్టాఫ్ నొటేషన్‌కు కరెక్టే, కానీ మన తెలుగు స్వరాలకు 10.3 సరిపోతుంది. నేను వర్ణాలన్నీ అందులోనే సాధన చేస్తా. చాలా పాత పుస్తకాలు చిన్న సైజువే, అంచులు కత్తిరిస్తే అక్షరం అచ్చు పుస్తకం కంటే పెద్దగానే వస్తుంది. రంగులది మాత్రం వద్దు. రంగు ఫిల్టరు పొర వల్ల తెర మబ్బుగా ఉంటుంది, లైటు వేయకపోతే చదవలేం. స్వరాలకు రంగుతో పనేముంది?

అసలు తలనొప్పి పీడీఎఫ్‌తోనే. పసుపు పచ్చగా మారిన కాగితం స్కాన్ ఈ-ఇంక్‌లో బూడిద రంగులో కనిపిస్తుంది, అక్షరం వెలిసిపోయినట్టు ఉంటుంది. స్కాన్‌టేలర్ అని కంప్యూటర్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో వేసి పూర్తి నలుపు తెలుపు చేయండి, తేడా మీకే తెలుస్తుంది. కానీ దాంట్లో మరకలు తుడిచే ఆప్షన్ ఒకటుంది, అది ఖచ్చితంగా ఆఫ్ చేయండి. అది చిన్న చిన్న చుక్కలన్నీ మురికి అనుకుని చెరిపేస్తుంది, స్వరం పైస్థాయిదో కిందిస్థాయిదో చెప్పే మన స్థాయి చుక్కలతో సహా! 'ని' కింద చుక్క పోయిందంటే మంద్ర (కింది స్థాయి) నిషాదం కాస్తా మధ్యస్థాయికి వచ్చి కూర్చుంటుంది, నేర్చుకునే పిల్లలకు అది తప్పని కూడా తెలియదు. చుక్క లేని పేజీ ఎంత తెల్లగా ఉంటే ఏం లాభం.

కాజీపేట_కీబోర్డు:
ఇది వంద శాతం నిజం. స్టాఫ్‌లో కూడా నోటు పక్కన చుక్క పోతే దాని కాలం మారిపోతుంది.

పాత_విద్యార్థి_వరంగల్:
బిడ్డా, నేను వరంగల్ విద్యారణ్య సంగీత కళాశాలలో చదువుకున్నదాన్ని, ఇప్పుడు పిల్లలకు పాట చెబుతున్నా. కచేరీలో కాగితం అయినా టాబ్లెట్ అయినా ముందు పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. భద్రకాళి గుడిలో నవరాత్రులకు పాడినా, ఇంట్లో నలుగురి ముందు పాడినా కృతి నోటికి వచ్చి ఉండాలి. కళ్లు తెర మీద ఉంటే రాగం మీద ధ్యాస ఉండదు. కానీ పాఠం చెప్పేటప్పుడు, పాత పాఠాంతరం, అంటే గురువుల దగ్గర నేర్చుకున్న పాట తీరు, సరిచూసుకునేటప్పుడు ఇది బంగారం లాంటి వస్తువు.

సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే స్వరాల పుస్తకం మీ బాపు చూస్తారా? 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయినా పుస్తకం మొత్తం తెలుగు లిపిలోనే ఉంది, మనవాళ్లకు అదొక వరం. అందులో స్వరాల మీద గమకాల గుర్తులు, అంటే స్వరాన్ని ఎలా ఊపాలో, జార్చాలో చెప్పేవి ఉంటాయి, చాలా సన్నవి, అవి సరిగ్గా కనబడాలంటే పెద్ద తెరే కావాలి. వీణ వాయించేవాళ్లకు ఆ గుర్తులే ప్రాణం కదా. ఆయన అది చదివేవారైతే కొంచెం ఆగి డబ్బులు కూడబెట్టుకుని అయినా 13.3 కొను, గీతాలు వర్ణాలు మాత్రమే అయితే పైన తమ్ముడు చెప్పినట్టు చిన్నది చాలు.

హనుమకొండ_బిడ్డ:
చాలా థాంక్స్ అమ్మా, అన్నలకు కూడా. బాపు దగ్గర ప్రదర్శిని జిరాక్సు ఉంది, భూతద్దం పెట్టి చూస్తారు. అయితే 13.3 నలుపు తెలుపే, లైటు ఉన్నది చూస్తా. మరి పెడల్ సంగతి?

కరీంనగర్_వయొలిన్:
మఠం వేసుకుని కూర్చుంటే కాలి పెడల్ కుదరదు అక్కా, నేను ప్రయత్నించి వదిలేశా. కానీ పెడల్ అంటే బ్లూటూత్ కీబోర్డు లాంటిదే, పేజీ అప్, పేజీ డౌన్ మీటలు పంపుతుంది, అంతే. అదే పని చేసే అరచేతిలో పట్టే రిమోట్‌లు దొరుకుతాయి, పక్కన కూర్చున్న శిష్యుడి చేతికి ఇస్తే సరి. ఇంకోటి, మీరే పేజీలు సర్దుకోండి. పల్లవి సంగతులన్నీ (ఒకే లైనును మార్చి మార్చి పాడే తీరులు) ఒకే పేజీలో వచ్చేలా, అనుపల్లవి కొత్త పేజీలో మొదలయ్యేలా కత్తిరించి పెడితే తిప్పే చోటు ఎలాగూ ఊపిరి తీసుకునే చోటే అవుతుంది. టాబ్లెట్ పెన్నుతో రాయాలంటే దానితో వచ్చిన రీడర్ యాప్‌లోనే రాయమనండి, బయటి యాప్‌లలో గీత ఆలస్యంగా పడుతుంది.

పాత_విద్యార్థి_వరంగల్:
టాబ్లెట్ వచ్చేలోపు మీ బాపు చేతి రాత నోటు పుస్తకాలు స్కాన్ చేసి పెట్టు బిడ్డా. వాటిని మాత్రం పూర్తి నలుపు తెలుపు చేయకు, సిరా వెలిసిన చోట అక్షరమే ఎగిరిపోతుంది. మామూలు రంగు స్కాన్ ఒకటి విడిగా దాచు, చదువుకోవడానికి దాని కాపీని బాగుచేసుకో. స్కాన్ అయిపోయాక ప్రతి పేజీనీ ఆయన పక్కన కూర్చోబెట్టుకుని అసలుతో సరిచూడు, పెన్సిలుతో పక్కన రాసుకున్నవి కూడా వచ్చాయో లేదో చూడు.